పరాయి ఇంట్లో ఒక కాపీ

1
శుక్రవారం. విచారణకు ఇంకా నలభై రోజులు.

పొద్దున్నే సౌర పలక మీద ఉప్పు గీకాను. ఏడో గట్టు మీద ఎవరి రోజైనా ఇలాగే మొదలవుతుంది. కొబ్బరి పీచుతో ఉప్పు గీకడం, దాన్ని డబ్బాలోకి దులపడం, మిగిలిన గ్లాసుడు మంచినీళ్ళతో పలక తుడవాలా ముఖం కడుక్కోవాలా అని కాసేపు నిలబడటం. ఇవాళ పలకే గెలిచింది. ఫోనుకి నిండా చార్జింగు కావాలి.

తర్వాత ఖాదర్ భాయ్ కొట్టుకి వెళ్ళాను. నా ఫోనుకి గాలి కోసింది ఆయనే. గాలి కోసిన ఫోను ఎవరితోనూ మాట్లాడదు, ఎవరి మాటా వినదు. అందులోంచి ఒక్క అక్షరం కూడా సంస్థ వారి గాలి నిల్వలోకి జారిపోదు. గట్టు మీద అందరి ఫొటోలూ ఉత్తరాలూ ఆ నిల్వలోనే ఉంటాయి. సముద్రాన్ని మంచినీళ్ళుగా మార్చి మాకు పోసేది సంస్థే, మా జ్ఞాపకాలు దాచేదీ సంస్థే. వాళ్ళు కావలసినప్పుడు తీసి చూస్తారని అందరికీ తెలుసు. "మన దగ్గర ఏముందని చూట్టానికి" అంటారు. నా దగ్గర ఉంది. సంస్థ షెడ్డులో ఉప్పు వడగట్టే పొరలను ఆమ్లంతో కడిగే ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళ గొంతులు. చేతులు ఎలా కాలాయో, ఊపిరి ఎలా పట్టేసిందో వాళ్ళు చెప్పినవి. మెరక ప్రాంతం నుంచి విచారణ సంఘం వచ్చిన రోజున వాటిని వినిపించాలి. అప్పటిదాకా అవి పోకూడదు, ఎవరికీ దొరక్కూడదు.

ఖాదర్ భాయ్ సబ్బు బిళ్ళంత పెట్టె ఇచ్చాడు. పైన చిన్న గాజు కిటికీ, అందులో ఒక అంకె.

"ఎన్నిసార్లు తెరిస్తే అంత చూపిస్తది. దీన్ని ఎనక్కి తిప్పడం నా వల్ల కూడా కాదు మేడమ్. మూడు కాపీలు ఉండాల. ఫోన్లో ఒకటి, ఇంట్లో ఒకటి, పరాయి ఇంట్లో ఒకటి."

"ఒక్క పెట్టె చాలు భాయ్. ఇంట్లో పెడితే సోదాలో దొరుకుతుంది."

"మీ ఇష్టం. పరాయి ఇల్లంటే కొంచెం పరాయి ఉండాల మరి. దగ్గరోళ్ళకి మన గురించి చానా తెలుస్తది."

నవ్వాను. గట్టు మీద ఎవరూ పెట్టెను పరాయివాళ్ళకి ఇవ్వరు. ప్రతి మనిషికీ ఒక తాళపు జత, అంటే తాళంలో సగం దాచే మనిషి, ఉంటుంది. నాకు వకుళ. ఇరవై మూడేళ్ళ కిందట ఇద్దరం ఒకే బస్సులో కాలేజీకి వెళ్ళినవాళ్ళం. నేను రసాయన శాస్త్రం, తను వాణిజ్యం. ఆ కాలేజీ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. నేను ఇక్కడ ఆడవాళ్ళకి అక్షరాలు చెబుతున్నాను, తను సంస్థ స్టోరులో పనిచేస్తోంది.

తాళం వేయడం ఎప్పటి పద్ధతిలోనే. పెట్టె ఆరు మాటలు పుట్టించి చిన్న గొట్టంలోంచి వకుళ చెవిలో చెప్పింది. అవి నాకు తెలియవు. తర్వాత వకుళ అటు తిరిగి నిలబడింది, నేను నా ఆరు మాటలు నొక్కాను. అవి తనకి తెలియవు. పన్నెండూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. తెరిచి చూడని కాపీ కాపీ కాదని ఖాదర్ భాయ్ నూరిపోశాడు కాబట్టి, నింపడానికి ఒకసారి తెరిచింది కాక, ఇద్దరం కలిసి మళ్ళీ ఒకసారి తెరిచి చూశాం. ముప్పై ఒకటీ ఉన్నాయి. మూసేశాం. కిటికీలో అంకె రెండు.

వకుళ దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టింది. "ఏముందే ఇందులో, ఇంత బరువుగా మొహం పెట్టావు?" అంది.

"పాఠాలు," అన్నాను.

నా ఆరు మాటలు ఇక్కడ రాయను. నేను మరిచిపోయే మాటలు కావు.

ఒక్కటే కొంచెం గుచ్చుతోంది. "విచారణ దాకా ఇవి నేను తప్ప ఎవరూ వినరు" అని వాళ్ళకి మాట ఇచ్చాను. పెట్టె ఇంకొకరి ఇంట్లో ఉంటుందని చెప్పలేదు. కానీ తాళం వేసి ఇస్తే ఇచ్చినట్టా? ఇవ్వనట్టే. ఇవ్వనట్టే అనుకుంటున్నాను.

2
ఆదివారం. ఇంకా ముప్పై ఒక్క రోజులు.

ఇవాళ ఊళ్ళ పేర్లు పిలిచే రోజు. ఏటా ఇదే రోజున గట్టు జనమంతా సముద్రం వైపు తిరిగి నిలబడి, మునిగిన ఊళ్ళ పేర్లు ఎవరివి వాళ్ళు గట్టిగా పిలుస్తారు. ఒకేసారి వందల ఊళ్ళు. కాకుల గోలలా ఉంటుంది, ఆ గోలలో ఏడవడం తేలిక.

వకుళా నేనూ పక్కపక్కనే నిలబడ్డాం. ఏటా పిలిచినట్టే మా బస్సు ఆగే ఊళ్ళు వరసగా పిలిచాం. జిల్లేడుదిబ్బ, కొత్తమడ, పులుగులంక, నాగాయపాలెం, సంతరేవు, మూడుతూములు. చివరి ఊరు దగ్గర వకుళ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు. వయసు మీద పడుతోంది ఇద్దరికీ అనుకున్నాను.

సాయంత్రం పదకొండో ఆమె గొంతు మళ్ళీ విన్నాను. వాళ్ళని ఈ కాగితాల మీద అంకెలతోనే రాస్తున్నాను. ఎడమ బొటనవేలి గోరు ఊడిపోయిన సంగతి చెప్పిన తర్వాత ఆమె ఇలా అంటుంది: "స్టోరు మేడం గ్లోవులు ఇచ్చినట్టు ఏలిముద్ర ఏయించుకునేది. గ్లోవులు మాత్రం మేం కళ్ళతో చూళ్ళా." నాలుగో ఆమె, ఇరవై ఆరో ఆమె కూడా ఆ మేడం మాట ఎత్తారు.

ఏ మేడం అని అక్కడే అడగాల్సింది. నా గొంతు రికార్డులో వినిపిస్తుంది, "ఊఁ, తర్వాత?" అంటూ. ముగ్గురి దగ్గరా అలాగే దాటేశాను. స్టోరులో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. ఇద్దరు.

3
శుక్రవారం. ఇంకా పంతొమ్మిది రోజులు.

నాలుగో ఆమెను తొమ్మిదో గట్టుకి బదిలీ చేశారు. ఉన్నపళంగా, రెండు గంటల్లో సామాను సర్దుకుని పడవ ఎక్కమన్నారట. ఆమె చెల్లెలు బడికి వచ్చి చెప్పింది. బదిలీలు మామూలే. మామూలే అని మూడుసార్లు రాసి రెండు కొట్టేశాను.

ఫోను వెనక రేకు కాస్త ఎత్తుగా ఉన్నట్టు అనిపించింది. చేత్తో నొక్కి చూశాను. అనిపించడమేనేమో.

4
బుధవారం. ఇంకా పద్నాలుగు రోజులు.

మధ్యాహ్నం బడి అయిపోయాక అందరూ పలకలు తుడుచుకుని వెళ్ళారు. పదకొండో ఆమె వెళ్ళలేదు. బల్లకి ఆనుకుని నిలబడింది. ఆమెకి నోరు ఎక్కువ. క్లాసులో నేను ఒక అక్షరం బోర్డు మీద వంకరగా రాస్తే "మాకు చెప్పే ముందు నువ్వు దిద్దుకో టీచరమ్మా" అనే మనిషి. ఇవాళ తుడిచిన పలకనే కొంగుతో మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"నిన్న నన్ను సంస్థోళ్ళ క్షేమం ఆఫీసుకి పిలిచారు," అంది చివరికి.

"ఎందుకు?"

"ఎందుకో ఏందో. కుర్చీ ఏశారు. నాకు! టీ ఇచ్చారు. పిల్లలు బాగున్నారా, ఇల్లు కారతందా అని అడిగారు. లేచి వచ్చేత్తంటే ఆ సారు నవ్వి ఏమన్నాడో తెలుసా? 'అగ్గిపెట్టెలో గోరు ఇంకా ఉందా అమ్మా' అన్నాడు."

నా చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఊడిన గోరును ఆమె అగ్గిపెట్టెలో దాచుకుంది. ఆ సంగతి రికార్డులో తప్ప ఎక్కడా లేదు.

"నా మొగుడికి తెలవదు. నా కూతురికి తెలవదు. నీ ఫోనుకి తెలుసు, నీకు తెలుసు. నా గొంతు ఎవరికి ఇనిపిచ్చావు టీచరమ్మా?"

"ఎవరికీ వినిపించలేదు."

"అయితే ఆ సారు కలగన్నాడా?"

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా ముఖాన్ని, దిద్దాల్సిన పలకను చూసినట్టు, కాసేపు చూసి వెళ్ళిపోయింది.

5
గురువారం. ఇంకా పదమూడు.

ఫోను ఉబ్బింది. ఈసారి అనుమానం లేదు. బల్ల మీద పెడితే పడవలా ఊగుతోంది. ఆపేసి ఖాదర్ భాయ్‌కి చూపించాను. ఆయన దాన్ని పాము పిల్లను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"బ్యాటరీ పోతాంది. మార్చే సరుకు గట్టు మీద లేదు. ఇంకోసారి వెలుగుద్ది, మహా అయితే అరగంట. ఇసక తట్టలో పెట్టి ఎలిగించండి. మంటొస్తే ఇసకే పోయండి, నీళ్ళు కాదు. పెట్టె ఉందిగా మేడమ్, దిగులెందుకు?"

"భాయ్, గాలి కోసిన ఫోను లోంచి మాట బయటికి పోగలదా?"

"అది పీక కోసిన కోడి మేడమ్. కూయదు."

ఆయన్నే అనుమానించాను మొదట. దారి పొడుగునా అనుమానించాను. తర్వాత నన్ను. నేను నిద్రలో మాట్లాడతానా? గోడ అవతలి వాళ్ళు నేను వింటున్నప్పుడు విన్నారా? వరసగా అందరి పేర్లూ వచ్చాయి. ఒక్క పేరు దగ్గర మాత్రం మనసు "ఊఁ, తర్వాత?" అని దాటేసింది.

వెళ్ళి పెట్టె మీద అంకె చూస్తే తేలిపోతుంది. కానీ మధ్యలో వెళ్ళి అంకె చూపించమని జతను అడగడం గట్టు మీద ఎవరూ చేయని పని. అన్నం పెట్టిన మనిషి ముందు కంచం కడిగి చూసుకున్నట్టు ఉంటుంది. పోయినేడు ఐదో వరసలో ఒకాయన అడిగాడు. ఇప్పటికీ ఆయన ఇంట్లో శుభకార్యానికి ఎవరూ వెళ్ళరు.

రెండు రోజులు ఆగుదాం.

6
ఆదివారం. ఇంకా పది.

మూడు రోజులు ఆగాను. ఈలోగా ఇరవై ఆరో ఆమె నీళ్ళ కార్డు నిలిపేశారు. నా మర్యాద ఖరీదు ఆమె ఇంటిల్లిపాది దాహం.

వకుళ ఇంటికి వెళ్ళి, ఫోను పోతోంది, పెట్టె కావాలి అన్నాను. అబద్ధం కాదు. తను వెంటనే తెచ్చి ఇచ్చింది, పైన దుమ్ము తుడిచి మరీ. నేను కిటికీ వైపు చూడకుండా సంచిలో వేసుకున్నాను. చూస్తే తను చూస్తుందని. తలుపు దాకా వచ్చి, "పెరుగు కొంచెం తీసుకెళ్ళవే" అంది. తీసుకున్నాను.

ఇంటికి వచ్చి తీశాను. ఐదు.

నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. మొదటి రోజు తెరిచింది రెండుసార్లేనా? నాకు నా జ్ఞాపకం మీద ఎప్పుడూ నమ్మకం లేదు. అందుకే కదా ఈ కాగితాలు. మొదటి పేజీ తీశాను. నా చేతిరాతే. "కిటికీలో అంకె రెండు."

ఆ పెరుగు తినలేదు. పారబోయనూ లేదు.

7
సోమవారం. ఇంకా తొమ్మిది.

వకుళ గుమ్మంలో కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఐదు," అన్నాను.

"ఏమిటి ఐదు?"

"పెట్టె మీద."

తుంచడం ఆపలేదు. తలలు ఒక చేటలో, రొయ్యలు ఒక చేటలో. "నువ్వే తెరిచి ఉంటావు."

"నీ మాటలు లేకుండా నేనెలా తెరుస్తానే?"

"మరి నీ మాటలు లేకుండా నేను మాత్రం ఎలా తెరుస్తాను?"

అప్పుడు నాకు అర్థమైంది. తన గొంతులో ఏమీ లేదు. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. జవాబు చాలా రోజులుగా తయారుగా ఉంది.

"మన బస్సు ఊళ్ళు," అన్నాను. "అవే పెట్టానని ఎలా పసిగట్టావు? అటు తిరిగే ఉన్నావుగా?"

రొయ్యలు పక్కన పెట్టింది.

"నువ్వు ఆ రోజు మాటలు నొక్కావా? పాడావు సుభా. జిల్లేడుదిబ్బా... కొత్తమడా... అని సాగదీసి, పులుగులంక దగ్గర గబుక్కున. మన బస్సు కండక్టరు ఎలా అరిచేవాడో నీ వేలు మీటల మీద అలాగే పడింది. నాలుగో ఊరు దగ్గర చిల్లర వెతుక్కుంటూ ఆగేవాడు చూడు, నువ్వూ ఆగావు. నాకు నవ్వొచ్చింది కూడా. నేను అటు తిరిగే ఉన్నాను, ఒట్టు. చెవులు మూసుకోమని నువ్వు చెప్పలేదుగా."

కాసేపు ఆ బస్సు మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది. ఎంత నీచమైన విషయమంటే, నాకూ నవ్వొచ్చినంత పనైంది.

"ఎందుకు తెరిచావు?"

"ఊరంతా గుసగుస. టీచరమ్మ షెడ్డు ఆడవాళ్ళ చేత మాట్లాడిస్తోందని. నా పేరు ఉందేమోనని చూశాను."

"లేదు. ఎవరూ నీ పేరు చెప్పలేదు."

"స్టోరు మేడం అన్నారు. ఆ రెండో ఆవిడ వచ్చి మూడు నెలలు. ఇంకెవరే స్టోరు మేడం?" మొదటిసారి గొంతు లేచింది. "నీకు తెలుసు. తెలియకపోతే 'ఏ మేడం' అని అడిగేదానివి. అంత చదువుకున్న దానివి, అన్నీ గుచ్చి గుచ్చి అడిగావు, అది ఒక్కటే అడగలేదు. తెలిసే, నా మీద సాక్ష్యం తెచ్చి నా బియ్యం డబ్బా వెనకే పెట్టించావు. పాఠాలన్నావు! ఒక్కసారి, ఒక్కసారి 'వకుళా, నువ్వేనా' అని నన్ను అడిగావా?"

అడగలేదు. ఆ మాట నిజం. నిజమైనంత మాత్రాన తను చేసింది తక్కువ కాలేదు.

"నువ్వేనా?" అన్నాను.

"నేనే. గ్లోవులు వచ్చేవి కావు. వచ్చినట్టు రాయమనేవాళ్ళు. రాశాను. నువ్వు రాయవా? పడవ ఎక్కించి తొమ్మిదో గట్టు మీద దింపుతామంటే రాయవా?"

"ఎన్ని ఇచ్చావు వాళ్ళకి?"

"మూడే. నా గురించి ఉన్నవి మూడే ఇచ్చాను. ఒకసారి విన్నాను, ఒకసారి వాళ్ళకి తీసిచ్చాను, ఒకసారి చెరిపేశాను. మిగతా ఇరవై ఎనిమిదీ ముట్టుకోలేదు." ఆ మూడే అన్న మాట ఎలా అందంటే, నేను మెచ్చుకోవాలన్నట్టు.

"ఆ గోరు సంగతి విన్నావా?"

"విన్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు."

"తర్వాత?"

"తర్వాత తిన్నాను," అంది వకుళ. "ఏం చెయ్యమంటావు?"

లేచాను. వెనక నుంచి పిలిచింది. పెట్టె తన చెవిలో చెప్పిన ఆరు మాటలూ వరసగా చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. అవి లేకుండా నేను పెట్టె తెరవలేనని తనకి గుర్తుంది. కృతజ్ఞత లాంటిది ఏదో గొంతులోకి వచ్చింది. దాన్ని మింగడం ఆ రోజంతటిలోకీ కష్టమైన పని.

8
సోమవారమే, మళ్ళీ.

పెట్టె తెరిచాను. కిటికీలో ఆరు. ఇరవై ఎనిమిది ఉన్నాయి, చెక్కుచెదరకుండా. అన్నీ మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఆ విషయంలో తను అబద్ధం చెప్పలేదు.

చెరిపేసిన మూడూ ఇప్పుడు ప్రపంచంలో రెండే చోట్ల ఉన్నాయి. ఉబ్బిన నా ఫోనులో, సంస్థ బీరువాలో.

9
బుధవారం. ఇంకా ఏడు.

జరిగింది షెడ్డు ఆడవాళ్ళందరికీ చెప్పాను. ఎలా చెప్పాలో రెండు రోజులు కాగితం మీద రాసుకుని, చివరికి కాగితం తీయకుండా చెప్పాను. బడి వెనక వలలు ఎండేసే చోట కూర్చున్నారు. నాలుగో ఆమె బదులు ఆమె చెల్లెలు వచ్చింది.



పదిహేడో ఆమె అంది, "మా పేర్లు లేవుగా అందులో. గొంతులేగా."

"గొంతు సాలదంటే పిచ్చిమొహమా? నీ గొంతు ఇంటే గట్టు మీద కుక్కలు కూడా గుర్తుపడతాయి," అంది పదకొండో ఆమె. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు తప్ప ఎవరూ ఇనరన్నావు. పెట్టె ఇంకోళ్ళింట్లో పెట్టేటప్పుడు మమ్మల్ని ఒక మాట అడిగావా?"

అదే ప్రశ్న, మూడు రోజుల్లో రెండోసారి. వకుళ అడిగినప్పుడు తనకి ఆ హక్కు లేదు అనుకోగలిగాను. ఇక్కడ అనుకోలేకపోయాను.

"అడగలేదు," అన్నాను. "భద్రంగా ఉండాలని..."

"మాది మాకు తెలవకుండా దాత్తే దాన్ని ఏమంటారు టీచరమ్మా? మా ఊళ్ళో అయితే దొంగతనం అనేవోళ్ళు."

ఎవరూ ఆమెను వారించలేదు. వారించకపోవడమే సరి.

"సరే. ఏడిత్తే పనవ్వదు," అంది ఆమే మళ్ళీ. "ఆ ఫోను బతికుండగానే ఎవరి గొంతు వాళ్ళకిచ్చెయ్. మా తాళాలు మేం ఏసుకుంటాం. ఇచారణ రోజున మేమే తెత్తాం, తెచ్చేవోళ్ళం తెత్తాం. అచ్చరాలు నేర్పావుగా. నొక్కడం వచ్చు మాకు."

నేను ఇన్ని నెలలు ఆలోచించి ఈ పద్ధతి ఎందుకు కనిపెట్టలేకపోయానో నాకు తెలుసు. వాళ్ళకి చేతకాదనుకున్నాను. అది కూడా రాసిపెడుతున్నాను.

10
గురువారం. ఇంకా ఆరు.

ఖాదర్ భాయ్ ముప్పై ఒక్క గింజలు ఇచ్చాడు. చింతగింజంత ఉంటుంది ఒక్కొక్కటి, ఒక్క గొంతు పడుతుంది. గింజకి ఒక మీటల పలక తగిలించి మాటలు నొక్కితే తాళం పడుతుంది. జత అక్కర్లేదు. మరిచిపోతే మాత్రం అంతే. ఆ సంగతి అందరికీ రెండుసార్లు చెప్పాను, ఈసారి ముందే.

పెట్టెలో ఉన్న ఇరవై ఎనిమిదీ పొద్దున్నే గింజల్లోకి ఎక్కించాను. ప్రతి ఒక్కరూ తమ గింజను విని, తలూపాకే తర్వాతి దానికి వెళ్ళాను. తమ గొంతు తామే వింటూ ఇద్దరు ఏడ్చారు. పదిహేడో ఆమె, "అబ్బే, ఇంత బొంగురా నాది!" అంది.

తర్వాత ఫోను. వలల దగ్గరే ఇసక తట్టలో పెట్టి, అందర్నీ దూరం జరగమని, వెలిగించాను. వెలిగింది. ముందు నాలుగో ఆమెది. పడింది. చెల్లెలు దాన్ని కొంగున కట్టుకుంది. తర్వాత ఇరవై ఆరో ఆమెది. అదీ పడింది. పదకొండో ఆమె "నాది ఆఖర్న పెట్టు" అని ముందే చెప్పింది. సగం దాకా వచ్చింది. ఫోను నుంచి బుస్సుమని శబ్దం, చేదు వాసన, సన్నటి పొగ. ఇసక పోశాను. రెండు చేతులతో పోశాను. తట్ట మీద చిన్న దిబ్బ లేచింది. ఇక అక్కడ ఫోను లేదు.

గింజ చెవి దగ్గర పెట్టుకుని ఆమె విన్నది. గోరు ఊడిన చోటు దాకా ఉంది. గ్లోవుల మాట రాకముందే ఆగిపోయింది.

"పోయింది," అన్నాను. "నీది... ఆ ముక్కే ముఖ్యం. నేను నీది ముందు పెట్టాల్సింది."

"ఏది పోయింది?" జాకెట్లోంచి అగ్గిపెట్టె తీసింది. నాకు ఎప్పుడూ చూపించలేదు. అరచేతిలో దులిపింది. పసుపు రంగుకి తిరిగిన, చేప పొలుసులాంటి గోరు. "అసలుది నా దగ్గరే ఉంటే. నువ్వు దాచింది కాపీయేగా. ఇచారణకి నేనే పోతా, నోటితోనే చెప్తా. ఆ సారుకి ఎలాగూ తెలిసిపోయింది, ఇంక దాపరికం ఎందుకు?"

"పేరు అడుగుతారు."

"చెప్తా. నువ్వూ రాసుకో నీ కాయితంలో. మేరీ రత్నం. మిగతావోళ్ళయి మాత్రం అంకెలే ఉంచు."

ఉంచాను.

ఆ తర్వాత తాళాలు. మీటల పలక వలల గుంజ మీద పెట్టాను. మేరీ రత్నం తన సగం గింజను దానికి తగిలించింది. వేలు పైకెత్తి, ఆగి, నా వైపు చూసింది.

"టీచరమ్మా, అటు తిరుగు."

తిరిగాను. ఎదురుగా సముద్రం. ఊళ్ళ పేర్లు పిలిచిన రోజున నిలబడ్డ చోటే. వెనక మీటల చప్పుడు మొదలైంది. టిక్కు. కాస్త ఆగి, టిక్కు టిక్కు. ఆ ఆగడం నాకు తెలుసు. ఒత్తు వచ్చినప్పుడల్లా ఆమె క్లాసులో అలాగే ఆగేది, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. ఒక మాట అయిపోయింది. రెండో మాట పొడుగ్గా ఉంది. మనిషి పేరో, ఊరి పేరో. ఇది ఫలానా అక్షరం, దీని తర్వాత ఫలానా రావాలి అని నా బుర్ర నా అనుమతి లేకుండానే అల్లుకుపోతోంది. ఆమెకి ఆ అక్షరాలు నేర్పింది నేనే.

నన్ను ఎవరూ అడగలేదు. చెవులు కూడా మూసుకున్నాను.